స్లోలో నిలబడే బండి

"స్లోలో నిలబడట్లేదండీ."

పాత కార్బొరేటర్ కారు తోలుకొచ్చిన మనిషి షెడ్డు గుమ్మంలో దిగుతూనే చెప్పే మాట ఇది. యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నంతసేపూ బండికి ఏ రోగమూ ఉండదు. హైవే మీద అరవైలో పోతుంటే శుభ్రంగా పోతుంది. సిగ్నల్ దగ్గర కాలు తీయగానే మొదలవుతుంది బాధ. ఇంజను వణుకుతుంది, స్టీరింగు చేతిలో అదురుతుంది, ఆయిల్ లైటు మినుకుమంటుంది, హెడ్‌లైట్లు మసకబారతాయి. ఒక్క దగ్గు దగ్గి ఆగిపోతుంది. పచ్చలైటు పడేసరికి వెనకాల ఆటోవాళ్లు హారన్లు అందుకుంటారు.

దీనికి ఊరంతటికీ తెలిసిన వైద్యం ఒకటుంది. కార్బొరేటర్ పక్కన స్ప్రింగు తొడిగిన చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని స్లో స్క్రూ అంటారు. స్క్రూడ్రైవరుతో దాన్ని ముప్పావు చుట్టు బిగిస్తే ఇంజను గట్టిగా తిరగడం మొదలెడుతుంది. రెండు నిమిషాల పని, ఓనరుకి తృప్తి, మెకానిక్కి వంద నోటు. విజయవాడ ఆటోనగర్లో నేను పని చూస్తూ కూర్చునే షెడ్డు పెద్దాయన మాత్రం ఆ స్క్రూ బిగించేది అన్నీ అయ్యాక. మధ్యలో ఒకసారి దాన్ని ముట్టుకుంటాడు, అదీ వదులు చెయ్యడానికి. ఆ వదులు చెయ్యడంలో ఉన్న పనితనం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆయన్ని షెడ్డులో కుర్రాళ్లూ, బయటి డ్రైవర్లూ 'గురువుగారు' అంటారు. నేనూ అంతే. అరవై దాటాయి. ఆటోనగర్ ప్రధానంగా లారీలది. ఒకపక్క బాడీలు కట్టే షెడ్లు, ఇంకోపక్క కమాన్ కట్టలు, లేతు మిషన్లు, రేడియేటర్ల అతుకులు. వాటి నడుమ పాత పెట్రోలు కార్లు చూసే షెడ్లు అక్కడక్కడా మిగిలాయి. అంబాసిడర్లు, పద్మినీలు గురువుగారి చేతిమీదుగా చాలానే వెళ్లాయి. ఇప్పుడు వచ్చేవాటిలో ఎక్కువ మారుతి 800లు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ బండి మన జిల్లాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. 2000 ప్రాంతంలో ఇంజెక్షన్ వచ్చేదాకా దానికి గాలినీ పెట్రోలునీ కలిపి అందించింది మికుని-సోలెక్స్ తరహా రెండు గొట్టాల కార్బొరేటర్.

ఆరోజు వచ్చింది 1994 మోడల్. తెల్లరంగు వెలిసి మీగడరంగుకి తిరిగింది. ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు.

గురువుగారు బానెట్ ఎత్తలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఎట్లా ఉంటుంది మాస్టారూ?"

"చోక్ లాగితే బ్రహ్మాండంగా ఉంటుందయ్యా. చోక్ లోపలికి నెట్టేశాకే దీని వేషాలు."

"ఉన్నట్టుండి వచ్చిందా, మెల్లగా ముదిరిందా?"

"మెల్లగానే. మధ్యలో మా ఊళ్లో ఒకతను స్లో పెంచాడు. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మామూలే."

"కార్బొరేటర్ ఎవరన్నా దించారా?"

మాస్టారు కాసేపు ఆలోచించి, పోయిన వేసవిలో ఆ ఊరి అతనే దించి కడిగాడని చెప్పారు.

నాకు ఈ మూడు ప్రశ్నలూ మర్యాద మాటల్లా వినిపించాయి. తర్వాత ఆయన విడమరిచి చెబితే తెలిసింది, సగం నిర్ధారణ అక్కడే అయిపోయిందని. చోక్ లాగితే కార్బొరేటర్లోకి గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. చోక్ మీద బాగుండి, తీసేస్తే చచ్చిపోతోందంటే ఇంజనుకి అందే మిశ్రమం పలచబడుతోందన్నమాట. పలచబడటానికి దారులు రెండే: పెట్రోలు తక్కువ రావడం, లేదా గాలి ఎక్కువ రావడం. పెట్రోలు తగ్గితే ఏదో చిన్న రంధ్రం మూసుకుపోయి ఉండాలి. గాలి పెరిగితే ఎక్కడో అతుకు విడి ఉండాలి. మెల్లగా ముదరడం రెంటికీ సరిపోతుంది. కార్బొరేటర్ ఒకసారి దించి ఎక్కించారంటే మటుకు అతుకు మీదే అనుమానం పెరుగుతుంది. అయినా అనుమానాన్ని అనుమానంగానే ఉంచుకుని మిగతావన్నీ వరసగా చూసుకుంటూ వచ్చాడాయన. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ నిగ్రహం.

ఇంజను నెమ్మదిగా తిరగడం తేలికపని అనుకుంటాం. నిజానికి దానికి అన్నిటికన్నా గడ్డు స్థితి అదే. గ్యాసు పొయ్యిని సిమ్‌లో పెడితే కిటికీ గాలికే ఆరిపోతుంది, పెద్దమంట మీద ఉంటే అదే గాలిని లెక్కచెయ్యదు. ఇంజనుదీ ఆ తీరే. కాలు తీసేస్తే కార్బొరేటర్ గొంతులో ఉండే బటర్‌ఫ్లై పలక దాదాపు మూసుకుపోతుంది. పలక అంచుకీ గొట్టం గోడకీ మధ్య సన్నటి సందులోంచి దూరే గాలే ఇంజనుకి ఆధారం. ఆ కొద్దిపాటి ప్రవాహానికి మెయిన్ జెట్ నుంచి పెట్రోలు రాదు. అందుకని స్లోకి వేరే చిన్న దారి పెట్టారు: ఒక సన్నటి జెట్, దాంట్లో కలిసే కాస్త గాలి, పలకకి దిగువన గొట్టం గోడలో ఒక రంధ్రం, ఆ రంధ్రానికి అడ్డంగా సూదిమొనలాంటి మిక్చర్ స్క్రూ. పిస్టన్లు కిందికి లాగే గాలికి దారి దాదాపు మూసుకుపోయి ఉండటంతో పలక దిగువన పీడనం బాగా పడిపోతుంది. ఆ పీల్పుడే పెట్రోలుని లాగుతుంది. ఈ ఏర్పాటులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పెద్ద స్పీడులో తెలియదు, స్లోలో మాత్రం దాగదు. మిగతా లోపాలదీ ఇదే కథ. ప్లగ్గు నీరసపడినా, వాల్వు కాస్త కారినా, టైమింగు వెనకబడినా ముందుగా ఫిర్యాదు వచ్చేది స్లో నుంచే.

బానెట్ ఎత్తి, స్టార్టు చేయించి, మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు గురువుగారు. మారుతి 800లో చక్కర్లు చూపే మీటరు లేదు. ఈ ఇంజను స్లోలో నిమిషానికి 850కి అటూ ఇటూ తిరగాలి. మూడు సిలిండర్లు, రెండు చుట్లకొకసారి ఒక్కో సిలిండరు మండుతుంది. లెక్కేస్తే సెకనుకి 21 మంటలు. చక్కర్లు 600కి పడితే సెకనుకి 15. ఇరవై ఒకటైతే ఒకే గుయ్యిమని వినిపిస్తుంది, పదిహేనుకి దిగితే విడివిడి దెబ్బలు తెలియడం మొదలవుతుంది. "ఆరొందలకి కాస్త పైన ఉంది, తాళం తప్పట్లేదు" అన్నాడు. తాళం తప్పడమంటే మూడింటిలో ఒకటి మండకపోవడం. అప్పుడు బండి ఊగే తీరు వేరు, ఒకపక్కకి తోసినట్టు కుదుపు వస్తుంది. ఇక్కడ మూడూ మండుతున్నాయి, మూడూ సమంగా నీరసంగా ఉన్నాయి. అంటే లోపం ఏ ఒక్క సిలిండరుదో కాదు, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న చోటుది.

చెవి గురించి చెబుతుంటే పాత మెకానిక్కుల మీద రాసే పొగడ్తలు గుర్తొస్తాయి. ఇంజను చప్పుడు విని జాతకం చెప్పేస్తాడని రాస్తారు. గురువుగారి గొప్ప అది కాదనిపిస్తుంది నాకు. ఆయన తన చెవిని నమ్మడు. విన్నదాన్ని పక్కన పెట్టుకుని, దాన్ని అబద్ధం చెయ్యగలిగే పరీక్ష ఏదన్నా ఉందా అని వెతుకుతాడు. మాస్టారు లెక్కల మనిషి కదా, ఆయనకీ ఇది నచ్చినట్టుంది, స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు.

"కార్బొరేటర్ రోగాల్లో సగం డెల్కోలో ఉంటాయి" అన్నది గురువుగారి మాట. డెల్కో అంటే మన షెడ్ల భాషలో ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు. కాబట్టి ముందు దాని మూత ఊడింది. లోపల పాయింట్లు. వాటిని తెరిచే ఫైబరు కాలు ఏళ్ల తరబడి ఒరుసుకుని అరిగిపోతే పాయింట్ల మధ్య ఎడం తగ్గుతుంది. ఎడం తగ్గితే అవి ఆలస్యంగా విడివడతాయి, మంట ఆలస్యమవుతుంది, స్లో పడిపోతుంది. ఇదంతా ఎంత మెల్లగా జరుగుతుందంటే నడిపేవాడికి తెలియనే తెలియదు. ఫీలర్ గేజి ఆకు పెట్టి చూస్తే ఎడం తగ్గి ఉంది. అర మిల్లీమీటరుకి కాస్త లోపుగా సరిచేశాడు. టైమింగ్ లైటు పెట్టి గుర్తు చూశాడు, డెల్కోని పిసరంత తిప్పి బిగించాడు. ఇంజను కొద్దిగా కోలుకుంది. ఇక్కడితో ఆపేసి, మిగిలినదానికి స్లో స్క్రూ తిప్పేసి పంపించేవాళ్లు చాలామంది ఉంటారు. పాయింట్ల లోపం నిజమైనదే కాబట్టి అది మోసం కూడా కాదు. కానీ చోక్ సంగతికి పాయింట్లు జవాబు చెప్పవు. అది ఆయన మర్చిపోలేదు.

తర్వాత ప్లగ్గు తీగలు ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ పిడి పటకారుతో లాగి చూశాడు. ఏది లాగినా ఇంజను ఒకే మోతాదులో కుంగింది. మూడూ సరిసమానం. (ఈ పరీక్ష ఈ బండికి సరే. సైలెన్సరు దారిలో కెటలిటిక్ కన్వర్టరు ఉన్న బండికి ఇలా చేస్తే మండని పెట్రోలు వెళ్లి దాన్ని పాడుచేస్తుంది. కరెంటు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పుట్టే బండికైతే తీగ లాగినవాడి చేతికీ, లోపలి మాడ్యూలుకీ కూడా ముప్పే.) ఆ తర్వాత ఇంజను ఆపి, తాళం ఒక మెట్టు తిప్పమన్నాడు. కార్బొరేటర్ మీద చిన్న సోలెనాయిడ్ 'టిక్' అంది. తాళం తీసేశాక ఇంజను మండుతూ ఉండిపోకుండా స్లో దారిలో పెట్రోలు ఆపడానికి పెట్టిన కవాటం అది. దాని వైరు ఊడిపోయినా బండి స్లోలో నిలబడదు. ఆ టిక్కు వినకుండా కార్బొరేటర్ దించిన కుర్రాడికి ఆ షెడ్డులో ఏం దక్కుతుందో నేను చూశాను, ఇక్కడ రాయను.

ఇప్పుడు మిక్చర్ స్క్రూ. సన్నటి స్క్రూడ్రైవరుతో అర చుట్టు లోపలికి తిప్పాడు. ఇంజను పట్టించుకోలేదు. ఒక చుట్టు బయటికి తిప్పాడు. అప్పుడూ అంతే. గురువుగారు తల ఊపి కుర్రాణ్ణి పిలిచాడు. "ఒరేయ్, చూశావా? దీని మాట అది వినట్లేదు. ఎందుకు?"

కుర్రాడు చెప్పలేకపోయాడు. నాకూ తెలియదు. జవాబు ఆ ఊరి మెకానిక్ బిగించిన స్లో స్క్రూలో ఉంది. గొట్టం గోడలో స్లో రంధ్రానికి కాస్త ఎగువన, సరిగ్గా పలక అంచు ఆనే చోట, ఇంకొన్ని చిన్న రంధ్రాలుంటాయి. కాలు కాస్త నొక్కగానే పలక కదిలి అవి బయటపడతాయి, మెయిన్ జెట్ అందుకునేలోగా అవి పెట్రోలిచ్చి ఇంజనుని కుదుపులేకుండా నడిపిస్తాయి. స్లో స్క్రూ ఎక్కువ బిగిస్తే పలక స్లోలోనే ఆ రంధ్రాలు దాటిపోయి కూర్చుంటుంది. ఇక ఇంజను ఆ పై రంధ్రాల పెట్రోలు తాగి బతుకుతుంది. మిక్చర్ స్క్రూ కాపలా కాసే దారిలోంచి వచ్చేదానితో దానికి పెద్దగా పని ఉండదు. పైగా నడక మొదలెట్టేటప్పుడు అందాల్సిన పెట్రోలు ముందే ఖర్చయిపోతుంది, ఫస్టుగేరులో బండి ఒక్క క్షణం నీరుగారిపోతుంది. రోగాన్ని కప్పిపెట్టడమే కాదు, రెండో రోగాన్ని తెచ్చిపెట్టిన వైద్యం అది.

ఎడమచేత్తో త్రాటిల్ లింకు పట్టుకుని, కుడిచేత్తో స్లో స్క్రూని వదులు చేస్తూ వచ్చాడు. ఇంజను దిగుతూ, దిగుతూ, ప్రాణం పోయేలా కొట్టుకుంది. ఎడమ వేలితో లింకుని పిసరంత ఎత్తి నిలబెట్టాడు. ఓనరు కంగారుపడ్డారు, బాగుచెయ్యమని తెస్తే ఇంకా చెడగొడుతున్నాడేమిటని. కానీ అంతవరకూ చేసిన పరీక్షలన్నీ ముసుగేసుకున్న ఇంజను మీద జరిగినవి. ముసుగు తీశాకే దాని అసలు స్థితి కనబడింది.

వాక్యూమ్ గేజిని మానిఫోల్డుకి తగిలించాడు. గడియారంలాంటి గుండ్రటి డబ్బా, పాదరసపు అంగుళాల్లో అంకెలు. సముద్రమట్టానికి దగ్గరగా ఉండే విజయవాడలో ఆరోగ్యంగా ఉన్న ఇంజను స్లోలో 17 నుంచి 21 దాకా చూపాలి. హైదరాబాదులో అదే ఇంజను అంగుళంన్నర, రెండంగుళాలు తక్కువ చూపుతుంది, ఎత్తు వల్ల గాలి పలచన కాబట్టి. ఇక్కడ ముల్లు 14 దగ్గర నిలబడింది. చెప్పుకోవాల్సింది అది నిలబడిన తీరు. ముల్లు లయగా టక్కుటక్కుమని పడుతుంటే ఒక వాల్వు కారుతున్నట్టు. నెమ్మదిగా అటూ ఇటూ తేలుతుంటే మిశ్రమంలో తేడా. కదలకుండా తక్కువలో కూర్చుంటే టైమింగు వెనకబడినట్టో, ఎక్కడో గాలి లాగుతున్నట్టో. టైమింగు ఇప్పుడే సరిచేశాడు. మిగిలింది ఒకటే.

ముందు రబ్బరు పైపులు. డెల్కోకి వెళ్లేదాన్ని, ట్యాపెట్ కవరు నుంచి వచ్చేదాన్ని, ఒక్కొక్కటే వేళ్లతో నొక్కిపట్టాడు. ఇంజను స్వరం మారలేదు. అప్పుడు జేబులోంచి ఇంజెక్షన్ సిరంజి తీశాడు. నిండా మంచినీళ్లు. ఇలాంటి చోట పెట్రోలు చల్లి చూసేవాళ్లున్నారు. వేడి ఇంజను మీద పెట్రోలు చల్లడం ఎంత తెలివైన పనో చెప్పక్కర్లేదు. గురువుగారు కార్బొరేటర్ పాదం చుట్టూ, మానిఫోల్డు మీద అది కూర్చున్న అతుకు వెంబడి, చుక్కచుక్కగా నీళ్లు వదులుతూ పోయాడు. మొదటి మూల, రెండో మూల, ఏమీ లేదు. చెయ్యి దూరని వెనక మూలకి సిరంజి మొన చేరగానే 'స్స్' మని నీళ్లు లోపలికి పోయాయి. రెండు క్షణాలు ఇంజను గబుక్కున తేరుకుని గుండ్రంగా తిరిగింది, ముల్లు 17 దాకా లేచింది, మళ్లీ పడిపోయింది. నీటిపొర ఆ సందుని మూసినంతసేపే ఆ ఆరోగ్యం.

"దొరికింది మాస్టారూ. గాలి లాగేస్తోంది."

కార్బొరేటర్ దించేటప్పుడు నట్లని ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వదులు చేశాడు. దించగానే మానిఫోల్డు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాడు, వాషర్ ఒక్కటి లోపల పడితే హెడ్డు విప్పాల్సి వస్తుంది. కార్బొరేటరుకీ మానిఫోల్డుకీ నడుమ ఇంజను వేడి పైకెక్కకుండా ఒక బేకలైటు దిమ్మ ఉంటుంది. దానికి పైనా కిందా ప్యాకింగులు. ఇక్కడ పైన రెండు ప్యాకింగులు ఒకదాని మీదొకటి, వాటి చుట్టూ ఎర్రటి సీలింగు పేస్టు. పోయిన వేసవిలో జరిగిందేమిటో ఆ పేస్టే చెబుతోంది. అతుకు కారుతోందని అతనికీ తెలిసింది. మందం పెంచి, పేస్టు పూసి, బలమంతా పెట్టి బిగించాడు. మెత్తటి ప్యాకింగు మీద చెవులు రెండూ బలంగా లాగి బిగిస్తే అల్యూమినియం పాదం వంగుతుంది, చెవుల దగ్గర దిగి, నడుమ లేస్తుంది. ఎంత బిగిస్తే అంత వంగుతుంది.

స్టీలు స్కేలుని అంచు మీద నిలబెట్టి పాదానికి అడ్డంగా పెట్టి, ట్యూబులైటు వైపు ఎత్తి చూపించాడు. స్కేలు కింద నడిమధ్య సన్నటి వెలుగు గీత. ఫీలర్ గేజిలో మిల్లీమీటరులో పదో వంతు ఆకు అందులోకి సులువుగా దూరింది.

ఆ తర్వాత చేసిన పని కోసమే నేను ఇంతసేపూ కూర్చున్నాననిపించింది. బల్ల మీద మందపాటి అద్దం ముక్క పరిచాడు. అద్దం కన్నా చదునైన వస్తువు మామూలు షెడ్డులో దొరకదు. దాని మీద ఎమరీ కాగితం, కాగితం మీద నాలుగు చుక్కల కిరోసిన్. కార్బొరేటర్ పాదాన్ని వేరుచేసి, లోపలి దారులన్నీ మైనంతో మూసి, అడుగుభాగం మీద నల్ల మార్కరుతో అడ్డగీతలు గీశాడు. గీతలెందుకో మొదట అర్థం కాలేదు. పాదాన్ని అద్దం మీద బోర్లించి, రెండు చేతుల వేళ్లూ నడిమధ్యనే ఉంచి, బరువు ఏ పక్కకీ మొగ్గకుండా ఎనిమిది అంకె వేసినట్టు రుద్దడం మొదలుపెట్టాడు. కొన్ని చుట్లయ్యాక పావు వంతు తిప్పి పట్టుకుని మళ్లీ రుద్దాడు. ఒకే దిశలో రుద్దితే చెయ్యి తెలియకుండానే ఒక పక్క ఎక్కువ నొక్కుతుందట, పావు పావు తిప్పితే ఆ పొరపాటు అన్ని వైపులకీ పంచబడి పోతుంది. తిప్పి చూపించాడు. చెవుల దగ్గర గీతలు చెరిగి లోహం మెరుస్తోంది, నడుమ గీతలు నల్లగా అలాగే ఉన్నాయి. ఎత్తుగా ఉన్నచోట అరుగుతోంది, పల్లం ఇంకా అందలేదు. మళ్లీ గీతలు, మళ్లీ రుద్దుడు. నల్లటి మచ్చ చింతాకంత అయింది, పోయింది. చివర్న నున్నటి కాగితం మీద నాలుగు చుట్లు. ఆఖరి గీత చెరిగిన చోట ఆపేశాడు. అవసరానికి మించి ఒక్క పొర కూడా తీయలేదు, ఎందుకంటే తీసింది మళ్లీ రాదు. స్కేలు పెట్టి లైటుకేసి చూస్తే ఇప్పుడు వెలుగు లేదు.

బేకలైటు దిమ్మనీ అలాగే చూశాడు, అది బాగానే ఉంది. ప్యాకింగు కిట్టులో వచ్చినది పలచగా ఉందని పక్కన పడేసి, షీటు మీద పాతదాని అచ్చు తీసి కత్తెరతో కత్తిరించాడు. బోల్టు రంధ్రాలకి చెక్కదిమ్మ మీద పంచి పెట్టి కొట్టాడు. షీటుని నేరుగా పాదం మీద పెట్టి అంచుల వెంట సుత్తితో తట్టి కోసే పద్ధతి ఒకటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇనుప భాగాలకైతే ఆయనా అదే చేస్తాడు. అప్పుడే చదును చేసిన అల్యూమినియం మీద సుత్తి ఆడించడానికి మాత్రం ఒప్పుకోడు.

దించిన పనే కాబట్టి స్లో జెట్ కూడా చూశాడు. దాని రంధ్రం అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. వెలుగుకేసి పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. గుండ్రంగా లేదు, ఒక పక్క లక్కలా పట్టిన పొర. రంధ్రం వ్యాసం పదో వంతు తగ్గితే దాని వైశాల్యం దాదాపు ఐదో వంతు తగ్గుతుందని మాస్టారు అక్కడికక్కడే లెక్కగట్టి చెప్పారు. తీగ పెట్టి పొడవలేదు గురువుగారు. ఇత్తడి మెత్తన, తీగ గీసిన గీత కొలతని మార్చేస్తుంది. క్లీనరులో నానబెట్టి, కంప్రెసరు గాలి కొట్టి, మళ్లీ చూశాడు. మిక్చర్ స్క్రూ మొనని బొటనవేలి గోటితో తడిమాడు. ఎవరో గట్టిగా బిగించి ఉంటే మొన చుట్టూ గాడి పడుతుంది, అది కంటికన్నా గోటికే బాగా తెలుస్తుంది. గాడి లేదు.

ఎక్కించడం త్వరగా అయిపోయింది. నట్లు మళ్లీ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, ఈసారి పొట్టి స్పానరుతో. పొట్టిదైతే చెయ్యి అత్యుత్సాహపడినా బలం చాలదు.

సెట్టింగుకి ముందు ఇంజనుని పూర్తిగా వేడెక్కనిచ్చాడు. ఎయిర్ క్లీనరు ఎక్కించే ఉంచాడు, లైట్లు ఆపించాడు, రేడియేటర్ ఫ్యాను తిరిగి ఆగేదాకా ఆగాడు. ఫ్యాను తిరుగుతుంటే ఆల్టర్నేటరు బరువు ఇంజను మీద పడుతుంది, ఆ సమయంలో పెట్టిన స్లో అబద్ధపు స్లో. అప్పుడు మిక్చర్ స్క్రూని మెల్లగా బయటికి తిప్పాడు. ఇంజను ఇప్పుడు మాట వింటోంది. వేగం పెరిగింది, ఒకచోట ఆగింది, ఇంకా తిప్పితే బరువెక్కి తగ్గింది. వెనక్కి వచ్చి శిఖరం పట్టుకున్నాడు. వేగం ఎక్కువైతే స్లో స్క్రూతో తగ్గించి, మళ్లీ మిక్చర్ శిఖరం వెతికాడు. ఒకటి కదిపితే రెండోది మారుతుంది కాబట్టి రెంటి మధ్యా ఇలా తిరగక తప్పదు. చివర్న శిఖరం నుంచి మిక్చరుని కాస్త లోపలికి, చక్కర్లు పాతికో ముప్పయ్యో తగ్గేదాకా తిప్పి వదిలేశాడు. శిఖరం మీదే వదిలితే పెట్రోలు కాస్త ఎక్కువ పోతుంది, పొల్యూషను పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ లెక్క పెరుగుతుంది. వాక్యూమ్ ముల్లు 19 దగ్గర కదలకుండా నిలబడింది.

అదే షెడ్డులో ఇంజెక్షన్ బండ్లు గురువుగారి అబ్బాయి చూస్తాడు. అతని చేతిలో స్కానరు ఉంటుంది. తండ్రి చూసిన ఇదే కంతని అతని బండికి పెడితే కథ తిరగబడుతుందని చెప్పాడు. మానిఫోల్డు పీడనాన్ని కొలిచి పెట్రోలు లెక్కగట్టే బండిలో గాలి దొంగచాటుగా వస్తే పీడనం పెరుగుతుంది, కంప్యూటరు దానికి తగ్గ పెట్రోలు పంపుతుంది, స్లో పడిపోకుండా పెరుగుతుంది. లోపలికొచ్చే గాలినే కొలిచే బండిలో మళ్లీ మిశ్రమం పలచబడి ఇంజను తడబడుతుంది. ఒకే రంధ్రానికి బండిని బట్టి రెండు వ్యతిరేక లక్షణాలు. ఇంజెక్షన్ బండిలో స్లో పడిపోతే అతను ముందు చూసేది త్రాటిల్ బాడీ. పలక అంచు చుట్టూ మసి పేరుకుని గాలి సందు మూసుకుపోతుంది. స్లో గాలిని చూసుకునే చిన్న మోటారు కవాటం కొన్నాళ్లు దాన్ని సర్దుకొస్తుంది, దాని సర్దుబాటు హద్దు దాటాక బండి ఆగడం మొదలవుతుంది. శుభ్రం చెయ్యగానే స్లో ఒక్కసారిగా ఎక్కువైపోతుంది, ఎందుకంటే కంప్యూటరు మసి పట్టిన పలకకి అలవాటు పడి ఉంది. దాని పాత లెక్కలు మరిపించి కొత్తగా నేర్పించాలి. తండ్రీకొడుకులు ఒకరి పని గురించి ఒకరు ఎకసెక్కాలాడుకుంటారు గానీ, స్కానరు చూపే కోడుని బట్టి సామాన్లు మార్చేసే షెడ్ల మీద ఇద్దరిదీ ఒకే అభిప్రాయం.

కొత్తగా వచ్చిన చిక్కు పెట్రోలుది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పూర్తిగా మండటానికి మామూలు పెట్రోలు కన్నా తక్కువ గాలి చాలు, 14.7 పాళ్ల బదులు పదమూడున్నర. కార్బొరేటరుకి ఆ సంగతి తెలియదు, పాత కొలతలోనే గాలి కలుపుతుంది, మిశ్రమం పలచబడుతుంది. కంప్యూటరున్న బండి తనంతట తను దిద్దుకుంటుంది. 1994 బండికి గురువుగారు మిక్చర్ స్క్రూ దగ్గర ఆ కొరతని పూడుస్తాడు. పాత రబ్బరు పైపులు, డయాఫ్రముల సంగతి వేరు. వాటిని ఇథనాల్ మెత్తబరుస్తుంది, వాటిని మార్చడం తప్ప దారి లేదు.

మాస్టారి బండి మీద చివరి పరీక్షలు. హెడ్‌లైట్లు వేశాడు, హారన్ కొట్టాడు, వైపరు తిప్పాడు. స్లో కాస్త కుంగి నిలబడింది. రేసు ఇచ్చి ఒక్కసారిగా వదిలేశాడు. చక్కర్లు దిగి 850 కిందికి జారకుండా ఆగాయి. తాళం తీయగానే ఇంజను వెంటనే ఆగింది. బందరు రోడ్డు దాకా తోలుకెళ్లి వచ్చి, వేడి మీద మళ్లీ ఒకసారి చూశాడు. ఏమీ ముట్టుకోలేదు.

"ఎంతయ్యా?" అన్నారు మాస్టారు. చెప్పిన మొత్తం ఒక పూట కూలికి సరిపోతుంది. సామాను ఖర్చు షీటు ముక్కా, ఎమరీ కాగితమూ.

"ఒక ఐదొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసుకురండి మాస్టారూ. కొత్త ప్యాకింగు అణుగుతుంది, నట్లు ఒక పట్టు పట్టాలి. దానికి డబ్బులక్కర్లేదు. ఈలోగా ఎవరన్నా స్లో పెంచుతామంటే మాత్రం పెంచనివ్వకండి."